రా కుకీలు: డీహైడ్రేటర్‌లో పెట్టినా లోపల బంకగా ఎందుకు మిగులుతున్నాయి?

డీహైడ్రేటర్‌లో, అంటే వేడిగాలితో తడి ఆరబెట్టే మెషిన్‌లో, మీరు పెట్టిన ఆ రా (వండని) కుకీల బ్యాచ్ మొత్తం ముందు పారేయండి. బాదం రేటు నాకూ తెలుసు, మనసు ఒప్పదు. కానీ విరిచి చూస్తే పుల్లటి వాసన వచ్చిందని మీరే రాశారు. మళ్లీ ఎండబెడితే వాసన తగ్గుతుందేమో గానీ లోపల పెరిగిన సూక్ష్మజీవులు ఎక్కడికీ పోవు. ఎవరికీ పెట్టకండి, ముఖ్యంగా నాన్నగారికి అసలు వద్దు.

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. నాన్నగారికి షుగర్ ఉంది, సాయంత్రం టీతో బేకరీ బిస్కెట్లు మాన్పించాలని కొత్త డీహైడ్రేటర్ కొన్నారు. బాదం, ఖర్జూరం, మొలకెత్తిన గోధుమలు కలిపి రుబ్బి, అరంగుళం మందాన బిళ్లలు చేసి, 42 డిగ్రీల దగ్గర 24 గంటలు పెట్టారు. పైన తోలులా గట్టిపడింది, లోపల బంకగా ఉండిపోయింది. డిగ్రీలు పెంచితే అది ఇక రా ఫుడ్ (ఎక్కువ వేడి తగలని పచ్చి ఆహారం) కాదేమోనని పెంచలేదు. మెషిన్‌లో లోపం ఉందా, పిండిలోనా అని అడిగారు.

మెషిన్ బాగానే ఉంది. పొరపాటు రెండు చోట్ల జరిగింది, డిగ్రీల దగ్గరా మందం దగ్గరా. పదేళ్లుగా ఇంట్లో ఈ కుకీలు చేస్తున్నాను. మొదటి రెండేళ్లు నేనూ సరిగ్గా ఈ రెండు తప్పులే చేశాను, కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

రా ఫుడ్ వాళ్లు 46 నుంచి 48 డిగ్రీలు దాటకూడదని అంటారు. అమెరికా రెసిపీల్లో 115, 118 ఫారెన్‌హీట్ అని కనిపించేది ఇదే. అయితే ఆ లెక్క పదార్థం ఎంత వేడెక్కిందన్న దానికి. డీహైడ్రేటర్ మీద మనం తిప్పే అంకె లోపలి గాలి వేడిది. ఈ రెండూ ఒకటి కావు, ముఖ్యంగా మొదటి గంటల్లో.

ఎండాకాలంలో మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో గుర్తు తెచ్చుకోండి. కుండ పైకి చెమర్చిన నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. బయట 43 డిగ్రీల ఎండ ఉన్నా కుండలో నీళ్లు చల్లగానే ఉంటాయి. తడి కుకీ కూడా అంతే. దానిలో నీరు ఆవిరవుతున్నంతసేపు చుట్టూ గాలి ఎంత వేడిగా ఉన్నా అది అంత వేడెక్కదు. నమ్మకం కుదరక ఒకసారి పొడుగాటి సూది ఉండే కిచెన్ థర్మామీటర్‌ను ఒక కుకీలోకి పక్కనుంచి గుచ్చి, మెషిన్‌ను 63 డిగ్రీల మీద పెట్టి కూర్చున్నాను. గంట తర్వాత కూడా కుకీ లోపల 40 దాటలేదు. చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది, అంతే. అందుకే మొదటి గంట 63 దగ్గర పెట్టి, తర్వాత 46కి దించండి. గంటంపావు దాటనివ్వకండి, ఎందుకంటే పైపొర ఆరిపోయాక ఆ చల్లదనం ఉండదు, వేడి నేరుగా లోపలికి ఎక్కుతుంది.

మీరు పెట్టిన 42 డిగ్రీల సంగతి ఇంకా ముఖ్యం. 5 నుంచి 60 డిగ్రీల మధ్య తడి ఆహారంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. దోసెపిండి పులవాలని మనం వెచ్చటి చోటు వెతికి పెడతాం కదా, మీరు నానిన గింజల ముద్దకు అలాంటి వెచ్చదనమే 24 గంటలు ఇచ్చారు. తడి ఎక్కువగా ఉన్న మొదటి నాలుగైదు గంటలే అసలు ప్రమాదం. ఆ సమయంలో నీరు ఎంత త్వరగా బయటికి పోతే అంత మంచిది. వేడి తక్కువగా ఉంటే ఆహారం క్షేమంగా ఉంటుందనుకోవడం ఇక్కడ తిరగబడుతుంది.

ఇక మందం. మా అమ్మమ్మగారిది ఆత్రేయపురం పక్క ఊరు, చిన్నప్పుడు వేసవి సెలవులకి వెళితే మామిడితాండ్ర వేయడం చూసేవాళ్లం. చాప మీద రసం పలుచగా పూసి ఎండనిచ్చేవారు. వేలితో తాకితే అంటుకోదు అన్నాకే దాని మీద ఇంకో పూత. అలా రోజుల తరబడి పొర మీద పొర వేస్తేనే ఆ మందం. రసం ఒక్కసారే అంగుళం పోస్తే ఏమవుతుందని అడిగితే, 'పైన మూత పడుద్ది, లోన కుళ్లుద్ది' అనేది అమ్మమ్మ. మీ కుకీకి జరిగింది ఆ మూత పడటమే. ఖర్జూరంలో చక్కెర ఎక్కువ. పైన తడి ఆరగానే ఆ చక్కెర జిగురుపొరలా బిగుస్తుంది, లోపలి నీటికి దారి ఉండదు. ఆ తర్వాత ఇరవై నాలుగు గంటలు కాదు, నలభై గంటలు పెట్టినా పెద్ద తేడా రాదు.

కాబట్టి పావు అంగుళం దాటొద్దు. నాలుగు రూపాయి బిళ్లలు పేర్చినంత ఎత్తు. పల్చగా ఉంటే కుకీలా కనిపించదని మీకు అనిపించవచ్చు. మందమే కావాలంటే ఎండిన రెండు బిళ్లల మధ్య కొంచెం ఖర్జూరం ముద్ద రాసి తినేటప్పుడు అతికించుకోండి.

పిండి గురించి చెబుతాను. మన దగ్గర పొయ్యి ఎక్కని తీపి వంటలు ఎప్పటినుంచో ఉన్నాయి. శ్రీరామనవమికి వడపప్పు, పచ్చి చలిమిడి, పానకం పెడతాం. నువ్వులు, బెల్లం కలిపి రోట్లో దంచే చిమ్మిలి ఉంది. నేను ఇంగ్లిష్ రెసిపీలు చాలా ప్రయత్నించి చివరికి చిమ్మిలి దగ్గరికే వచ్చాను. నా కొలతలు ఇవి: పొట్టు తీసిన తెల్ల నువ్వులు 150 గ్రాములు, బాదం 150, గింజ తీసిన మెత్తటి ఖర్జూరం 180, పచ్చికొబ్బరి తురుము 100, అవిసె గింజల పొడి 40 గ్రాములు, అది కలపడానికి 120 మిల్లీలీటర్ల నీళ్లు, నాలుగు ఏలకులు, చిటికెడు ఉప్పు. నువ్వులు నాలుగు గంటలు, బాదం రాత్రంతా ఫ్రిజ్‌లో నానాలి. బయట కాదు, ఫ్రిజ్‌లోనే. పొద్దున నీళ్లు పారబోసి, రెండుసార్లు కడిగి, బాదం పొట్టు తీసి, గుడ్డ మీద గంటసేపు ఆరబెట్టండి. ఈ గంటను చాలామంది వదిలేస్తారు. గింజకు అంటుకున్న నీరే తర్వాత మెషిన్‌లో మూడు గంటలు ఎక్కువ తింటుంది.

అవిసె పొడిని నీళ్లలో కలిపి పావుగంట వదిలితే కోడిగుడ్డు తెల్లసొనలా జిగురు కడుతుంది. గోధుమపిండి, గుడ్డు లేకుండా ముద్దను పట్టి ఉంచేది అదే. నువ్వుల్ని, బాదాన్ని మిక్సీలో ఆపి ఆపి తిప్పండి, ఆపకుండా తిప్పితే నూనె వదులుతుంది. నూనె వదిలిన ముద్ద ఎండాక పొడిపొడిగా రాలిపోతుంది. చిమ్మిలి దంచేటప్పుడు పెద్దవాళ్లు 'నూనె తేలకముందే తీసెయ్' అనేవారు, ఇక్కడా అదే సూత్రం. బరకగా, ముంబై రవ్వంత పలుకు ఉండాలి. చివర్లో ఖర్జూరం, కొబ్బరి, అవిసె జిగురు వేసి చేత్తోనే కలపండి.

గింజలు పీల్చుకున్న నీటితో కలిపి ఇదంతా దాదాపు 840 గ్రాముల ముద్ద అవుతుంది. చెయ్యి తడిచేసుకుని 21 గ్రాముల చొప్పున నలభై బిళ్లలు సిలికాన్ షీట్ మీద తట్టుకోండి. గారెకు తట్టినట్టే, మధ్యలో చిల్లు కూడా పెట్టాలని నా సలహా. అందం కోసం అనుకోకండి, గాలి ఆడితే నడుమ కూడా అంచుతో పాటే ఎండుతుంది.

ఎప్పుడు ఎండిందో తెలియడానికి గంటలు లెక్కపెట్టకండి, తూకం వేయండి. ఒక ట్రేలో పది కుకీలకు మాత్రం ఒక్కో గుమ్మడి గింజ గుచ్చి గుర్తు పెడతాను. ఆ పదీ మొదట 210 గ్రాములు. మొన్నటి బ్యాచ్‌లో ఐదు గంటలకు 172 అయ్యాయి, పది గంటలకు 146, పన్నెండుకి 141, పద్నాలుగుకి 140. రెండు గంటల్లో గ్రాముకు మించి తగ్గకపోతే ఆపేయవచ్చు. మొదటి బరువులో మూడింట రెండొంతులు మిగలడమే ఈ కొలతలకు సరైన గుర్తు. తర్వాత మీ పిండి మార్చితే ఆ లెక్కా మారుతుంది, కొత్తగా రాసుకోండి. నాలుగు గంటల దగ్గర వేలితో తాకి చూసి, అంటుకోకపోతే షీటుతో సహా జాలీ ట్రే మీదికి బోర్లించి షీటు ఒలిచేయండి. కింద కూడా గాలి తగలాలి. ఈ తిరగేయడం మర్చిపోతే కిందివైపు మెత్తగానే ఉండిపోతుంది.

మీది ఫ్యాన్ అడుగున ఉండే గుండ్రటి మోడల్ అనిపిస్తోంది. అలాంటివాటిలో అడుగు ట్రే ముందు ఎండుతుంది, పై ట్రే వెనకబడుతుంది. రెండు గంటలకోసారి ట్రేలు కిందికీ మీదికీ మార్చండి. వెనక ఫ్యాన్ ఉండే పెట్టె మోడల్‌లో ఈ బాధ తక్కువ. ఇప్పుడు దానికోసం మళ్లీ డబ్బు పెట్టనక్కర్లేదు.

ఎండలో పెట్టొచ్చా అని కూడా అడిగారు. బియ్యప్పిండి వడియాలకు ఎండ చాలు, వాటిలో ఉప్పు ఉంటుంది, పిండి ఉడికి ఉంటుంది. ఇది తీపి, నూనె, తడి కలిసిన పచ్చి ముద్ద. ఈగలు, చీమలు ఒకెత్తు, సాయంత్రం ఎండ దిగాక సగం ఎండిన ముద్ద రాత్రంతా అలా ఉండటం ఇంకో ఎత్తు. వద్దు.

మొలకెత్తిన గోధుమలు తీసేయమని నేను గట్టిగా చెబుతాను. మంతెన సత్యనారాయణరాజు గారి మాటలు విని మొలకలు తినడం అలవాటు చేసుకున్న ఇళ్లు మనలో చాలా ఉన్నాయి, మాదీ అందులో ఒకటి. మొలకలు మంచివే. కానీ గింజ మొలకెత్తడానికి కావలసిన తడి, వెచ్చదనమే సాల్మొనెల్లా, ఈకోలై లాంటి జబ్బు క్రిములకూ కావాలి. 2011లో జర్మనీలో మెంతి మొలకల వల్ల వచ్చిన ఈకోలై జబ్బుతో 50 మందికి పైగా చనిపోయారు. అప్పటికప్పుడు కడిగి తినేదానికే అంత జాగ్రత్త కావాలంటే, రుబ్బి పద్నాలుగు గంటలు గోరువెచ్చగా ఉంచేదానికి ఎంత కావాలి? పైగా పచ్చి పిండిపదార్థం అరగడం కష్టం, నోటికీ సుద్దలా తగులుతుంది. మామూలు గోధుమపిండి కలపాలనుకుంటే అదీ వద్దు, పచ్చిపిండిలో కూడా ఆ క్రిములు ఉండే అవకాశం ఉంది. నానబెట్టిన రాజ్మా అయితే మరీ ప్రమాదం, పచ్చి రాజ్మాలో ఉండే లెక్టిన్ అనే ప్రోటీన్ వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. ఈ వేడికి అది విరగదు.

మీ నాన్నగారి విషయానికొస్తే, మీరు అడగకపోయినా చెప్పాల్సినవి రెండున్నాయి. ఈ కొలతలతో ఒక్కో కుకీలో సుమారు 3 గ్రాముల చక్కెర, 70 క్యాలరీలు ఉంటాయి. చక్కెర ఖర్జూరం నుంచి వచ్చినా ఒంట్లో చక్కెరే. బిస్కెట్ కంటే మేలు, ఎందుకంటే నువ్వులు, బాదం, అవిసెలోని పీచు, కొవ్వు వల్ల అది నెమ్మదిగా ఎక్కుతుంది. కానీ రా కదా అని ఐదారు తింటే లాభం లేదు. టీతో రెండు చాలు, అవి కూడా వాళ్ల డాక్టరుగారికి చెప్పి మొదలుపెట్టండి.

రెండోది, పెద్దవయసువాళ్లు, గర్భిణులు, చిన్నపిల్లలు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు తినేవైతే నేను రా పట్టుదల వదిలేస్తాను. ఎండిన కుకీల్ని ఓవెన్‌లో 150 డిగ్రీల దగ్గర పది నిమిషాలు పెట్టి తీస్తాను. రంగు కొద్దిగా మారుతుంది, నువ్వుల వాసన ఇంకా బాగుంటుంది. నాన్నగారి వాటా అలా చేయండి, మీ వాటా మీ ఇష్టం. తీపికి తేనె వాడితే ఏడాదిలోపు పిల్లలకు మాత్రం పెట్టకూడదు.

46 దాటితే ఎంజైములన్నీ చచ్చిపోతాయని, అవే మన తిండిని అరిగిస్తాయని చదివి మీరు అంత టెన్షన్ పడుతున్నారని అర్థమైంది. తిండిలోని ఎంజైములు కూడా ప్రోటీన్లే, కడుపులోని ఆమ్లం చాలావరకు వాటిని విరిచేస్తుంది. అరిగించేవి మన ఒంట్లో తయారయ్యే ఎంజైములు. ఎన్నో ఎంజైములు 46ని తట్టుకుని నిలబడతాయి కూడా. సి విటమిన్ అయితే తక్కువ వేడిలోనైనా గంటల తరబడి గాలి తగిలితే కొంత పోతుంది. ఈ కుకీలు నేను చేసేది మైదా, వనస్పతి, పంచదార లేకుండా గింజల అసలు రుచి తెలుస్తుందని. ఆ కారణం నాకు చాలు.

మీరు కలిపినవి చూడగానే నాకు గాంధీగారు గుర్తొచ్చారు. 1929లో ఆంధ్ర పర్యటనకు వచ్చినప్పుడు రాజమండ్రిలో ప్రకృతి చికిత్స చేసే సుందరం గోపాలరావుగారు వండని ఆహారం గురించి ఆయనకు చెప్పారు. గాంధీగారు వెంటనే మొదలుపెట్టేశారు: మొలకెత్తిన గోధుమలు, రుబ్బిన బాదం, పచ్చి ఆకుకూర, నిమ్మకాయలు, తేనె. తన పత్రిక 'యంగ్ ఇండియా'లో దాని గురించి రాశారు కూడా. కొన్ని నెలలకే ఒళ్లు చిక్కి, కడుపు పాడై మానేశారు, మానేసిన సంగతీ దాచకుండా రాశారు. అంత నిష్ఠ ఉన్న మనిషే శరీరం చెప్పింది విన్నారు. మీరు ఒక గంట 63 పెట్టడానికి సందేహించాల్సిన పని లేదు.

రా అని మనం కొనేవన్నీ రా కావని కూడా తెలుసుకోండి. జీడిపప్పు పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి, పలాసలో అయినా ఇంకెక్కడైనా గింజను ముందు వేడిచేసే కొడతారు. వేసవిలో గోదావరి జిల్లాల్లో కూరకి అమ్మే లేత పచ్చి జీడిపప్పు ఒక్కటే నిజంగా పచ్చిది. ఓట్స్‌ను ఆవిరిలో ఉడికించాకే అటుకుల్లా ఒత్తుతారు. బెల్లం కాగబెట్టిందే. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇంకో మాట: అక్కడ అమ్మే కాలిఫోర్నియా బాదం 2007 నుంచి తప్పనిసరిగా పాశ్చరైజ్ (క్రిములు చచ్చేలా శుద్ధి) చేసిందే, పొట్లం మీద రా అని ఉన్నా సరే. అది నా దృష్టిలో మంచిదే.

చివరగా దాచడం. వానాకాలంలో ఒకసారి మెషిన్ నుంచి తీసిన కుకీలు వెచ్చగా ఉండగానే స్టీలు డబ్బాలో పోసి మూత పెట్టాను. నాలుగో రోజు తీస్తే మూత లోపల నీటిచుక్కలు, కుకీల అంచున తెల్లటి బూజు. నలభై కుకీలూ పోయాయి. అప్పటినుంచి మెషిన్ ఆపి, తలుపు తెరిచి, చేతికి పూర్తిగా చల్లగా తగిలేదాకా, అంటే అరగంట ఆరనిస్తాను. అంతకు మించి వదలను, విశాఖ, కాకినాడ లాంటి చోట వానాకాలపు గాలిలో రెండు గంటలు ఉంటే మళ్లీ మెత్తబడతాయి. తర్వాత గాజు సీసాలో పోసి రెండు రోజులు గమనించండి. సీసా గోడకు చెమ్మ పడితే వెంటనే తీసి 46 దగ్గర మరో మూడు గంటలు పెట్టండి. చెమ్మ లేకపోతే వారానికి సరిపడా బయట ఉంచి మిగతావి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, రెండు నెలలు బాగుంటాయి. కొబ్బరి, నువ్వులు ఉన్నాయి కాబట్టి బయట ఎక్కువ రోజులుంటే పాతనూనె వాసన వస్తుంది.

ఈసారి నాలుగో వంతు కొలతతో పది కుకీలే చేయండి. గంటన్నర లోపు పనవుతుంది, మిగతాది మెషిన్ చూసుకుంటుంది. మొదట ఎంత బరువుంది, ఐదు గంటలకు ఎంత, ఆపినప్పుడు ఎంత అని మూడు అంకెలు రాసి ఇక్కడ పెట్టండి, ఎక్కడ మార్చాలో అవి చూసి చెబుతాను.